పిచ్చర్ బంతిని ఎంత వేగంగా విసరగలడు?

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎంతో ఆదరణ గల ఆట బేస్‌బాల్. క్రికెట్‌లో బౌలర్ ఎట్లాగో అందులో పిచ్చర్ అట్లాంటివాడు. అయితే అతడు పరుగెత్తుకొని రాడు. పది అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బపై నిలిచి, ఒక కాలు ముందుకు చాచి, బంతిని నేలకు తగలకుండా నేరుగా బ్యాటర్ వైపుకు విసురుతాడు. దిబ్బపై అతడు నిలిచే పలకకు, బ్యాటర్ ముందుండే పలకకు మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. 1893 నుండి ఈ కొలత మారలేదు. బంతి బరువు సుమారు 145 గ్రాములు.

2010 సెప్టెంబరు 24న సాన్ డియాగో నగరంలో అరోల్డిస్ చాప్‌మన్ అనే పిచ్చర్ విసిరిన బంతి గంటకు 105.1 మైళ్ల వేగాన్ని అందుకొన్నది. అనగా గంటకు 169 కిలోమీటర్లు, సెకనుకు దాదాపు 47 మీటర్లు. పిచ్చర్ కాలు చాచి ముందుకు వంగుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది 55 అడుగులే. ఆ దూరాన్ని అది సెకనులో నూటికి 37 వంతులలో దాటుతుంది. బ్యాట్ తిప్పడానికే సుమారు 15 వంతులు కావాలి. మిగిలిన రెప్పపాటులో బ్యాటర్ బంతిని చూసి, అది ఎక్కడికి వస్తుందో గ్రహించి, కొట్టాలా మానాలా అని నిర్ణయించుకోవాలి.

ఈ వేగాలను కొలవడం అంత సులభమైన పని కాదు. 1912లో వాల్టర్ జాన్సన్ అనే ప్రసిద్ధ పిచ్చర్‌ను కనెక్టికట్ రాష్ట్రంలోని రెమింగ్టన్ తుపాకుల కర్మాగారానికి తీసుకొనిపోయి, తూటాల వేగాన్ని కొలిచే సాధనంతో అతని బంతిని కొలిచారు. సెకనుకు 122 అడుగులు, అనగా గంటకు 83 మైళ్లు వచ్చింది. 1940లో బాబ్ ఫెల్లర్ బంతికి, గంటకు 86 మైళ్ల వేగంతో పోయే మోటారు సైకిలుకు పందెం పెట్టారు. పది అడుగులు ముందున్నా మోటారు సైకిలే ఓడిపోయింది! 1946లో వాషింగ్టన్‌లో సైన్యంవారి పరికరం అదే ఫెల్లర్ బంతికి 98.6 మైళ్లు చూపింది. 1974లో నోలన్ రయన్ బంతి 100.9 మైళ్లని రాడార్ తెలిపింది.

ఈ అంకెలను వరుసగా పేర్చి, మానవుని వేగం ఏటేటా పెరిగినదని అనుకోవడం పొరపాటు. బంతి చేతిని విడిచిన క్షణం నుండి గాలి నిరోధం వల్ల వేగాన్ని కోల్పోతూనే ఉంటుంది. బ్యాటర్‌ను చేరేసరికి నూటికి ఎనిమిది నుండి పది వంతులు తగ్గిపోతుంది. పాత కొలతలు చాలావరకు దారి చివర తీసినవి. నేటివి బంతి చేతిని విడిచినప్పుడు తీసేవి. అందువల్ల రయన్ బంతి చేయి విడిచినప్పుడు 108 మైళ్లు ఉండి ఉంటుందని కొందరు లెక్కకట్టారు. ఒక్కరోజు ఒక్క పరికరంతో తీసిన కొలతపై అంత భవనం కట్టడం సబబు కాదు. చాప్‌మన్ అంకె కూడా 50 అడుగుల దూరం వద్ద తీసినది. చేతిని విడిచిన చోటికి సరిచేస్తే 105.8 అయింది.

ఇంతకీ ఈ వేగం ఎక్కడి నుండి వస్తుంది? చేతి కండరాల నుండి అని చాలామంది అనుకొంటారు. కాని కండబలమే కారణమైతే మనిషికన్న బలమైన చింపాంజీయే గొప్ప పిచ్చర్ కావాలి. శిక్షణ పొందిన చింపాంజీ సైతం గంటకు 20 మైళ్లకు మించి విసరలేదు. పన్నెండేళ్ల కుర్రవాడు దానిని సునాయాసంగా మించిపోతాడు.

ఎద్దులబండి తోలేవాని చర్నాకోలను గమనిస్తే సంగతి అర్థమవుతుంది. పిడి నెమ్మదిగా కదులుతుంది. కొస మాత్రం చెళ్లుమంటుంది. పిచ్చర్ శరీరమూ అంతే. ముందుకు చాచిన కాలు నేలను తన్నిపట్టగా మొదట తుంటి తిరుగుతుంది, ఆపైన మొండెం, తరువాత భుజం, మోచేయి, చివరకు మణికట్టు, వేళ్లు. బరువైన భాగం వేగాన్ని అందుకొని ఆగుతూ ఉండగా దాని శక్తి తరువాతి తేలిక భాగానికి సంక్రమిస్తుంది. ద్రవ్యరాశి తగ్గినకొద్దీ వేగం పెరుగుతుంది.

దీనికి తోడు భుజంలో ఒక ఉండేలు ఉన్నది. భుజపు కీలు బంతిగిన్నె కీలు కాబట్టి భుజాస్థి వెనుకకు బాగా మెలితిరగగలదు. అట్లా తిరిగినప్పుడు దాని చుట్టూ ఉన్న స్నాయుబంధనాలు, సంధిబంధనాలు రబ్బరువలె సాగి శక్తిని దాచుకొని, ఒక్కసారిగా విడుదల చేస్తాయి. 2013లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన ఈ నిర్మాణాన్ని మానవ పరిణామంతో ముడిపెట్టింది. ఆ సమయంలో భుజాస్థి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీలు. అదే వేగంతో తిరుగుతూ ఉంటే సెకనుకు 19 చుట్లు అవుతాయి. మానవ శరీరంలో ఇంతకన్న చురుకైన కదలిక కొలతకు అందడం అరుదు.

క్రికెట్ బౌలర్‌కు పరుగు సహాయం ఉన్నా, మోచేతిని 15 డిగ్రీలకు మించి చాచరాదనే నియమం అడ్డు వస్తుంది. 2003 ప్రపంచ కప్పులో కేప్‌టౌన్ వద్ద షోయబ్ అఖ్తర్ గంటకు 161.3 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి, పిచ్చర్ల లెక్కన 100 మైళ్ల పైచిలుకే. బంతి బరువు కొంత ఎక్కువని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక బలాల సంగతి. బంతి ఒకటిన్నర మీటరు దూరంలో నిశ్చల స్థితి నుండి సెకనుకు 47 మీటర్ల వేగాన్ని పొందిందనుకొంటే, v² = 2as సూత్రాన్ని బట్టి త్వరణం 736 వస్తుంది. ఇది గురుత్వ త్వరణానికి 75 రెట్లు. దీనిని 0.145 కిలోగ్రాములతో గుణిస్తే సుమారు 107 న్యూటన్లు, అంటే 11 కిలోల బరువంత బలం. ఇదేమంత పెద్దది కాదనిపిస్తుంది. కాని బంతితోపాటు ముంజేతిని, అరచేతిని కూడా అదే ఊపుతో లాగాలి. చిక్కంతా అక్కడే ఉన్నది.

భుజం ముందుకు తిరగబోతున్న క్షణంలో ముంజేయి ఇంకా వెనుకే ఉంటుంది. అప్పుడు మోచేతి లోపలి వైపు తెరుచుకొనబోతుంది. దానిని ఆపవలసిన భ్రామకం 64 న్యూటన్ మీటర్లని 1995లో ప్రచురితమైన కొలతలు తెలిపాయి. మోచేతికి 30 సెంటీమీటర్ల దూరంలో 22 కిలోల బరువు వేలాడదీసినట్లే. దీనిలో సగానికి పైగా భారం భుజాస్థిని, ముంజేతి ఎముకను కలిపే ఒక చిన్న సంధిబంధనంపై పడుతుంది. మృతదేహాల నుండి తీసిన సంధిబంధనాలు 32 న్యూటన్ మీటర్ల వద్దనే తెగిపోయాయి! అనగా ప్రతి గట్టి విసురూ దాదాపు తెగే అంచునే జరుగుతున్నది. చుట్టూ ఉన్న కండరాలు బిగిసి కొంత భారాన్ని పంచుకోవడం వల్లనే అది నిలుస్తున్నది. సాధనతో కండరం లావెక్కి బలపడుతుంది. సంధిబంధనం ఆ మేరకు బలపడదు.

1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు ఇది తెగింది. అప్పటివరకు అట్లాంటివాడు ఆట మానుకోవలసిందే. సెప్టెంబరు 25న ఫ్రాంక్ జోబ్ అనే శస్త్రవైద్యుడు అతని రెండవ చేతి నుండి ఒక స్నాయుబంధనాన్ని తీసి, మోచేతి ఎముకలలో రంధ్రాలు చేసి అల్లాడు. నూటికి ఒకపాలే ఆశ అన్నాడట. జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 వరకు ఆడాడు. విశేషమేమంటే అతడు వేగానికి పేరుపొందినవాడే కాదు. ఇప్పుడు మేజర్ లీగ్ పిచ్చర్లలో ప్రతి ముగ్గురిలో ఒకరు ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే.

2008లో మేజర్ లీగ్‌లో వేగపు బంతి సగటు 92 మైళ్ల లోపు. 2023 నాటికి అది 94 మైళ్లు దాటింది. సగటు పెరిగిందే కాని శిఖరం కదలలేదు. చాప్‌మన్ తరువాత 14 సంవత్సరాలకు, 2024 సెప్టెంబరులో, బెన్ జాయిస్ 105.5 మైళ్ల వరకే రాగలిగాడు. కండరాలకు అవకాశమున్నా మోచేయి హద్దు గీస్తున్నదన్నది పలువురి అభిప్రాయం. శిఖరం కదలకపోవడం చూస్తే అది సమంజసంగానే తోస్తున్నది. వేగం కోసం ప్రతి బంతినీ పూర్తి శక్తితో విసరడమే గాయాలకు ముఖ్య కారణమని 2024 డిసెంబరులో మేజర్ లీగ్ సంస్థ వెలువరించిన నివేదిక కూడా చెప్పింది.

ఈ వేగపు వెంపరలాట ఉన్నత పాఠశాలలకూ దిగింది. 2007 నుండి 2011 వరకు అమెరికాలో ఈ శస్త్రచికిత్స జరిగినవారిని లెక్కిస్తే, సగానికి పైగా 15 నుండి 19 ఏళ్లలోపువారే. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయస్సు అది. ఈ కారణంగా 2014లో వయస్సును బట్టి రోజుకు ఇన్ని బంతులే విసరాలని నియమాలు రూపొందించారు: 13 నుండి 16 ఏళ్లవారికి 95, ఆ పై రెండేళ్లకు 105. ఆ నియమాలలో బంతుల సంఖ్యకు హద్దు ఉన్నది. వేగానికి లేదు.