ఎర్ర డబ్బా ఎందుకు మాయమవుతోంది?

డెన్మార్క్ దేశంలో 1624లో మొదలైన తపాలా సేవ 2025 డిసెంబరు 30న ఉత్తరాల బట్వాడా మానేసింది. వీధుల్లోని 1,500 ఎర్ర డబ్బాల తొలగింపు ఆ జూన్‌లోనే మొదలైంది.

కారణమేమిటి? 2000 సంవత్సరం నుండి అక్కడ ఉత్తరాలు 90 శాతానికి పైగా తగ్గాయి. ప్రభుత్వ కాగితాలు కూడా చాలావరకు కంప్యూటరులోనే అందుతున్నాయి. ఇప్పుడు ఉత్తరాలు చేరవేసేది ఒక ప్రైవేటు సంస్థ. వీధి డబ్బా లేదు కనుక సాధారణంగా దాని కౌంటరున్న దుకాణానికి వెళ్లాలి. నడవలేని వృద్ధులకు, కంప్యూటరు రానివారికే కష్టం.

హాస్టల్లో మన దగ్గర సెల్‌ఫోన్లు ఉండవు. అమ్మకు క్షేమం తెలపాలన్నా, కలెక్టరుగారికి అర్జీ పెట్టాలన్నా పోస్టుడబ్బాయే దిక్కు. డబ్బా ఖాళీగా ఉంటే అక్కర లేదనుకుంటారు. కాబట్టి నెలకొక ఉత్తరమైనా రాద్దాం!