క్లోరోఫాం ప్రశ్నకు హైదరాబాద్ జవాబు

కార్వాన్‌లో ఇంటర్ బైపీసీ చదివేవాళ్లను ‘తర్వాత ఏంటి?’ అని అడిగి చూడండి. ‘నీట్ రాస్తా.. రాకపోతే బీఫార్మసీ’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ ‘రాకపోతే’లోనే కాస్త చిన్నచూపు ఉంది. ఫార్మసీ అంటే మెడికల్ షాపు కౌంటరే గుర్తొస్తుంది చాలామందికి. కానీ మందు ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుందో తేల్చే ఫార్మకాలజీ అనే శాస్త్రం ఒకప్పుడు హైదరాబాద్ పేరును ప్రపంచ డాక్టర్ల నోట పలికించింది. కార్వాన్ నుంచి సిటీ బస్సులో వెళ్లేంత దూరంలో, కోఠిలో ఉన్న ఉస్మానియా మెడికల్ కాలేజీ చరిత్రలోని ముచ్చట అది. అందులో ముఖ్యపాత్ర ఎడ్వర్డ్ లారీ అనే బ్రిటిష్ డాక్టర్‌ది.

గుండా? ఊపిరా?

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడాడు. నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయొచ్చని అందరూ సంబరపడ్డారు. రెండు నెలలు తిరిగాయో లేదో, 1848 జనవరిలో కాలిగోరు ఆపరేషన్ కోసం క్లోరోఫాం ఇచ్చిన హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత అలాంటి మరణాలు ఇంకా జరిగాయి. ముందు ఆగేది గుండా, ఊపిరా? లండన్ డాక్టర్లు నాడి చూడమన్నారు. ఎడిన్‌బరో సర్జన్ జేమ్స్ సైమ్ మాత్రం ఊపిరి చూడమన్నాడు. లారీ ఆ సైమ్ దగ్గర చదువుకున్నవాడే.

ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన లారీ, లాహోర్‌లో పనిచేసి 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చాడు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ పగ్గాలూ ఆయన చేతికొచ్చాయి. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం ఆ స్కూలే. గురువు చెప్పిందే నిజమని లారీ గట్టిగా నమ్మేవాడు. అయితే ‘మా గురువుగారు చెప్పారు’ అని ఊరుకోలేదు, పరీక్షకు పెట్టాడు.

నిజాం ఇచ్చిన వెయ్యి పౌండ్లు

1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని తేల్చింది. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోమన్నాడు. పత్రిక పంపిన మనిషి సామాన్యుడు కాదు. గుండెనొప్పికి ఆమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించిన ఫార్మకాలజిస్టు లాడర్ బ్రంటన్. గుండెకే ప్రమాదం అనుకుంటూ 1889లో ఇక్కడికి వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు.. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. చివరికి బ్రంటన్ కూడా లారీ పక్షానికి వచ్చేశాడు.

నెగ్గినా తప్పే

కథ అక్కడితో ఆగితే బాగుండేది. 1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ చేసిన ప్రయోగాలు క్లోరోఫాం గుండెనూ నేరుగా దెబ్బతీస్తుందని చూపించాయి. 1911లో గుడ్‌మన్ లెవీ ఇంకా లోతుకు వెళ్లాడు. పిల్లులకు క్లోరోఫాం తక్కువగా ఇచ్చి, ఆ మత్తులో ఉండగా అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి ఆగిపోతోందని తేల్చాడు. మోతాదు ఎక్కువైతే ముందు ఊపిరి ఆగుతుందని హైదరాబాద్‌లో చూసింది అబద్ధం కాదు. కానీ తక్కువ మోతాదులోనూ గుండె ఆగే దారి ఒకటుందని లారీ ఒప్పుకోలేదు. ‘గుండెకు భయం లేదు’ అన్న ఆ ధీమా ఆపరేషన్ బల్ల మీద ఉన్న రోగికి ప్రాణాంతకమే.

ఫార్మకాలజీలోకి వెళ్లాలనుకునేవాళ్లు ముందు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. వందల ప్రయోగాలు చేస్తే సరిపోదు. ‘నా మాట తప్పని చూపించాలంటే ఏ ప్రయోగం చేయాలి?’ అని అడుక్కోవాలి.

మిగిలిన మేలు

మత్తు ఇచ్చినంతసేపూ ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న లారీ పట్టుదల మాత్రం మంచిదే. ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లో గుండెతో పాటు ఊపిరినీ క్షణక్షణం గమనిస్తారు. ప్రిన్సిపాల్‌గా ఆయన చేసిన మేలు మరొకటి. 1885లో ఆయన ప్రోత్సాహంతో స్కూల్లో చేరిన ఐదుగురు మహిళల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో చదువు పూర్తిచేసి, నగరంలోని ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థీషియా వైద్యుల్లో ఒకరిగా ఆమెను చెప్పుకుంటారు. ఆయన వాదం వీగిపోయింది కానీ, ఆయన తెరిచిన తలుపు మూసుకోలేదు.

మీరు వెళ్లాలంటే..

* ఇంటర్ బైపీసీ, ఎంపీసీ ఏది చదివినా ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఫార్మసీలో చేరొచ్చు. జీప్యాట్ రాసి ఎంఫార్మసీలో ఫార్మకాలజీ తీసుకోవచ్చు. బాలానగర్‌లోని నైపర్‌కు వేరే ప్రవేశ పరీక్ష ఉంది.
* రోగుల మధ్య పనిచేయాలనుంటే ఆరేళ్ల ఫార్మ్‌డీ చూడండి. ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్.
* ఎంబీబీఎస్ అయినవాళ్లకు నీట్ పీజీ ద్వారా ఎండీ ఫార్మకాలజీ ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీ విభాగం పనిచేస్తోంది.
* ఉద్యోగాలు కాలేజీల్లోనే కాదు.. క్లినికల్ ట్రయల్స్‌లో, ఔషధ నియంత్రణలో, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్‌లోనూ ఉంటాయి.

ఇప్పుడు జంతువుల మీద ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. మనుషుల మీద ట్రయల్ చేయాలంటే వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. లారీ రోజుల్లో ఇవేవీ లేవు. మారనిది ఒక్కటే: మందు మంచిదని ఎవరైనా అంటే ‘ఎంత మోతాదులో, ఎవరికి, ఎలా తెలిసింది?’ అని అడిగే మనిషి అవసరం. ఆ ప్రశ్న మీకూ తోస్తుంటే, బీఫార్మసీని ‘రాకపోతే’ ఖాతాలో వేయకండి. మొదటి ఆప్షన్‌గానే రాసుకోండి.