ఇంగ్లీషు మాస్టార్లు ఎందుకు వెళ్లిపోతున్నారు?

సౌదీ విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరే విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పేవారిలో మన తెలుగువారూ ఉన్నారు. నాకు తెలిసిన కొందరు ఉద్యోగం మానేద్దామా అని ఆలోచిస్తున్నారు. నేను ఐ.టి. కన్సల్టెంటును కదా, ముందు నన్ను లెక్క వేసిపెట్టమంటారు.

మొదటిది కుటుంబం లెక్క. 2017 జూలైలో వెంట ఉన్న కుటుంబసభ్యులు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలైంది. 2020 నాటికి అది 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే ఏడాదికి 14,400 రియాళ్లు! అందుకే కొందరు ఇంటివాళ్లను ఊరికి పంపేసి ఒంటరిగా ఉంటున్నారు. చివరికి ఆ ఒంటరితనమే రాజీనామా రాయిస్తోంది.

రెండోది సర్వీసు లెక్క. కాంట్రాక్టు కంపెనీల ద్వారా చేరినవారికి కార్మిక చట్టం వర్తిస్తుంది. ఐదేళ్లు దాటి, పదేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే గ్రాట్యుటీలో మూడింట రెండు వంతులే వస్తుంది. పదేళ్లు నిండితే పూర్తిగా వస్తుంది. తొమ్మిదేళ్లు నిండినవారికి నా సలహా ఒక్కటే: వీలైతే ఇంకొక్క ఏడాది ఓపిక పట్టండి.

"గుంటూరులో నాన్నగారికి ఒంట్లో బాగోలేదండీ" అనేవారికి మాత్రం నేను ఏ లెక్కా చెప్పను.

పిల్లలూ! మీ టీచరు ఎవరైనా ఊరికి వెళ్లిపోతుంటే, ఇంటికి వెళ్లి ఒక్క నమస్కారం పెట్టి రండి.