ఆట మధ్యలో కంప్యూటర్ ఎందుకు ఆగింది?

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్‌కు దగ్గరగా ఝరాసంగం అనే ఊరుంది. అక్కడి కేతకీ సంగమేశ్వరస్వామి గుడి పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆ ఊళ్ళో ఉన్న మా అక్కావాళ్ళింటికి ఒక వేసవిలో వెళ్ళాను. పదో తరగతికి వచ్చిన మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అని అడిగాను.

"కంప్యూటర్ ఖరాబైంది మామా. ఆట ఆడుతుంటే మధ్యలనే తెర నల్లగైతది. మళ్ళ అదే మొదలైతది. గ్రాఫిక్స్ కార్డు పోయిందని షాపాయన అన్నడు. నేను ఆడి ఆడి పాడు చేసిన్నని, నాయిన దాన్ని అమ్మేస్తడంట."

ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కంప్యూటరే. దాని మీదే వాడి అక్క డిగ్రీ చదువు కూడా నడుస్తున్నది.

"రాసుకునేటప్పుడు కూడా ఆగుతుందా?" అన్నాను.

"లేదు మామా. అక్క రోజంతా పని చేసుకున్నా ఏం కాదు. ఆట పెడితేనే."

విద్యార్థులారా! ఈ చిన్న జవాబులోనే సగం రహస్యం ఉంది. అదేమిటో చూద్దాం.

ఆటకూ, రాతకూ తేడా ఏమిటి?

మీరు ఒక వ్యాసం టైపు చేస్తున్నారనుకోండి. అక్షరానికీ అక్షరానికీ మధ్య కంప్యూటర్‌కు బోలెడంత తీరిక దొరుకుతుంది. తెర మీది బొమ్మ కూడా పెద్దగా మారదు. ఆటలో అలా కాదు. సాధారణంగా కనిపించే తెర మీద ఒక్కో అడ్డువరుసకు 1920 చొప్పున 1080 వరుసల చుక్కలుంటాయి. ఈ రెండు సంఖ్యలనూ గుణిస్తే 20,73,600 వస్తుంది. సెకనుకు 60 బొమ్మలు గీయాలంటే 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయించాలి. అంటే ప్రతి సెకనుకూ పన్నెండు కోట్లకు పైమాటే!

ఈ పనిని ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పంచుకుంటాయి. వాటిలో కోట్లాది ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అవి స్విచ్చుల్లా పడుతూ లేస్తూ ఉంటాయి. ప్రతిసారీ కొంచెం విద్యుచ్ఛక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారుతుంది. కాబట్టి ఆట మొదలవగానే కంప్యూటర్‌లో రెండు విషయాలు ఒకేసారి పెరుగుతాయి. ఒకటి అది లాగే విద్యుత్తు, రెండోది దానిలో పుట్టే వేడి.

చెరకు లోడు బండిని చూసే ఉంటారు. ఖాళీ బండికి తాడు తెగదు. నిండు లోడుతో మిట్ట ఎక్కేటప్పుడే తెగుతుంది. అంతమాత్రాన మిట్ట తాడును పాడు చేసిందంటామా? తాడులో ఉన్న బలహీనతను మిట్ట బయటపెట్టింది, అంతే. మన కంప్యూటర్‌కు ఆట కూడా అలాంటి మిట్టే.

ఎందుకు మళ్ళీ మొదలవుతుంది?

కంప్యూటర్ తనంతట తాను ఆగి మళ్ళీ మొదలవడం చాలాసార్లు రక్షణ చర్య. తప్పు లెక్కలు చేస్తూ ముందుకు పోవడం కంటే, అన్నీ ఆపి మొదటినుంచి ప్రారంభించడం మేలని దాన్ని తయారు చేసినవారు ముందే ఏర్పాటు చేసి ఉంచారు.

దీనికి చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1969 జులై 20న అపోలో 11 నౌక చంద్రుని మీద దిగబోతున్నది. అదే సమయంలో దానిలోని కంప్యూటర్ 1202 అనే హెచ్చరికను చూపింది. ఒక రాడార్ నుంచి అనవసరంగా వస్తున్న సంకేతాల వల్ల కంప్యూటర్‌కు పని భారం మించిపోయింది. అప్పుడది ఏం చేసిందో తెలుసా? తిరిగి ప్రారంభమైంది. అంతగా ముఖ్యం కాని పనులను వదిలేసి, నౌకను దించే పనిని మాత్రం కొనసాగించింది. మార్గరెట్ హామిల్టన్ నాయకత్వంలోని బృందం దాని ప్రోగ్రాములను అలా రాసింది. చంద్రుని మీద మానవుడు క్షేమంగా కాలు మోపడంలో ఆ పునఃప్రారంభానికీ వాటా ఉంది.

మన ఇంటి కంప్యూటర్‌లో ఇటువంటి రక్షణకు దారితీసే కారణాలు ముఖ్యంగా నాలుగు: వేడి ఎక్కువ కావడం, విద్యుత్ సరఫరా సరిగా లేకపోవడం, మెమరీలో లోపం, ప్రోగ్రాములలో లోపం. అసలు కారణం ఏదో తేలకుండా కొత్త కార్డు కొనడం, జ్వరం కారణం తెలుసుకోకుండా మందు మింగడం వంటిదే.

నోటుపుస్తకంతో మొదలు

"మనమేమన్న ఇంజనీర్లమా మామా?" అన్నాడు మావాడు.

వాడికి వాళ్ళ మండలం సంగతే చెప్పాను. ఝరాసంగం మండలంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. ఆ రేడియోలో పల్లె మహిళలే కార్యక్రమాలు రికార్డు చేశారు, యంత్రాలూ నడిపారు. యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి డిగ్రీ కంటే ముందు ఓపికగా గమనించే అలవాటు కావాలి.

మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఫలితం రాసుకున్న తరువాతే రెండో మార్పు. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, ఏది రోగమో ఏది మందో తేలదు.

మొదటి సాయంత్రం ఏ మార్పూ చేయకుండా ఆడించి చూశాం. కంప్యూటర్ నాలుగుసార్లు ఆగింది. మొదటిసారి 4 నిమిషాలకు, తరువాత 19 నిమిషాలకు, 7 నిమిషాలకు, చివరిసారి 1 నిమిషానికే ఆగింది. నాలుగుసార్లూ తెర మీద పెద్ద పేలుడో, వేగంగా మారే దృశ్యమో ఉంది. ఆ క్షణంలో ఇంట్లో బల్బు మసకబారలేదు, ఫ్యాను వేగమూ తగ్గలేదు. బల్బు కూడా అదే క్షణంలో మినుకుమని ఉంటే ఇంటికి వచ్చే కరెంటునే ముందుగా అనుమానించాల్సి వచ్చేది.

అనుమానం ఒకటి: వేడి

ప్రాసెసర్ బాగా వేడెక్కితే ముందు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చాలా ప్రాసెసర్లకు ఈ హద్దు 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే పూర్తిగా ఆగిపోతుంది. అందుచేత వేడి వల్ల వచ్చే బాధ ఎక్కువగా కొంతసేపు ఆడిన తరువాత, ఆట నత్తనడక నడిచాక కనిపిస్తుంది. మా నోటుపుస్తకంలో ఒక్క నిమిషానికే ఆగిన సందర్భం ఉంది. కాబట్టి వేడి మీద అనుమానం కొంత తగ్గింది. అయినా పరీక్షించకుండా వదలకూడదు కదా!

ప్లగ్గు తీసేసి, డబ్బా పక్క రేకు విప్పాం. లోపల ఫ్యాను రెక్కలకూ, వాటి కింది అల్యూమినియం పలకల సందుల్లోనూ ఎర్రదుమ్ము మేటవేసి ఉంది. దుమ్ము గాలికి అడ్డం పడుతుంది, వేడిని బయటికి పోనీయదు. ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో దులిపాం. మళ్ళీ అదే ఆట ఆడితే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 88 డిగ్రీల నుంచి 74కు దిగింది. కానీ కంప్యూటర్ 9 నిమిషాలకు ఆగనే ఆగింది.

"మన పని వట్టిదే అయింది" అన్నాడు వాడు.

వట్టిది కాదు. ఒక అనుమానం తీరింది. విజ్ఞాన శాస్త్రంలో 'ఇది కాదు' అని తేలడం కూడా ఒక ఫలితమే.

అనుమానం రెండు, మూడు: మెమరీ, ప్రోగ్రాములు

లోపల రెండు మెమరీ పలకలు ఉన్నాయి. ఒకదాన్ని తీసి రెండోదానితో, తరువాత దాన్ని తీసి మొదటిదానితో ఆడించాం. రెండు సందర్భాల్లోనూ ఆగింది. రెండు పలకలూ ఒకేసారి చెడిపోవడం అరుదు.

ఆ కంప్యూటర్‌లోని విండోస్‌లో ఏదైనా పెద్ద లోపం వస్తే నీలితెర చూపి, వెంటనే తిరిగి ప్రారంభమయ్యే ఏర్పాటు ఉండేది. ఆ తెర కంటికి ఆనేలోపే మాయమయ్యేది. అందుకని సెట్టింగులలో ఆ ఏర్పాటును ఆపి చూశాం. నీలితెర రాలేదు. నేరుగా నల్లతెరే వచ్చింది. ప్రోగ్రాము తప్పు చేసి ఉంటే చాలాసార్లు ఏదో ఒక సందేశం మిగులుతుంది. విండోస్ డైరీలో మాత్రం 'కెర్నల్ పవర్ 41' అన్న నమోదు కనిపించింది. దీన్ని చూసి కరెంటు లోపమేనని చాలామంది తేల్చేస్తారు. నిజానికి ఆ నమోదుకు అర్థం 'సక్రమంగా మూయకుండానే కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది' అని మాత్రమే. కారణం దానిలో ఉండదు.

అనుమానం నాలుగు: విద్యుత్ సరఫరా

గోడ సాకెట్ నుంచి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటర్ భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పు చేసే పెట్టెనే ఎస్‌ఎంపీఎస్ అంటారు. ఎక్కువ శక్తి లాగే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా 12 వోల్టుల తీగ మీద ఆధారపడతాయి. ఈ వోల్టేజి 11.4కు తగ్గకూడదు, 12.6కు మించకూడదు.

అంతా సవ్యంగా ఉన్నంతసేపూ ఈ పెట్టె ఒక ప్రత్యేకమైన తీగ ద్వారా మదర్‌బోర్డుకు 'కరెంటు బాగుంది' అన్న సంకేతం పంపుతూనే ఉంటుంది. వోల్టేజి హద్దు దాటి పడిపోతే ఆ సంకేతం ఆగుతుంది. అది ఆగిన మరుక్షణం మదర్‌బోర్డు పనులన్నీ నిలిపివేస్తుంది. నీలితెర చూపడానికి కూడా వ్యవధి ఉండదు. మాకు కనిపించిన లక్షణం సరిగ్గా ఇదే!

అయితే లక్షణం సరిపోయినంత మాత్రాన రుజువు అయినట్లు కాదు. ఖర్చు లేని ఒక పరీక్ష చేశాం. ఆట సెట్టింగులలో సెకనుకు 60 బొమ్మలకు బదులు 30 చాలని పెట్టాం. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు పని తగ్గి, అది లాగే విద్యుత్తు కూడా తగ్గుతుంది. రెండు గంటలు ఆడినా కంప్యూటర్ ఆగలేదు. మళ్ళీ 60 పెడితే 11 నిమిషాలకు ఆగింది. తిరిగి 30 పెడితే ఆగలేదు.

చీటీ చెప్పిన నిజం

"కానీ మామా, పెట్టె మీద 450 అని ఉన్నది కదా! సరిపోదా?" అన్నాడు మావాడు.

మంచి ప్రశ్న. టార్చి వేసి పెట్టె పక్కనున్న చీటీని వాడి చేతే చదివించాను. 12 వోల్టుల గడిలో '16 ఆంపియర్లు' అని ఉంది. మీరు భౌతిక శాస్త్రంలో చదివిన సూత్రమే ఇక్కడ అక్కరకొచ్చింది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

12 × 16 = 192 వాట్లు.

ఇక ఖర్చు చూడండి. ప్రాసెసర్‌కు సుమారు 65 వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకు 120, డిస్కుకూ ఫ్యాన్లకూ కలిపి 15. మొత్తం 200 వాట్లు. వచ్చేది 192, కావలసింది 200! పైగా ఇది సగటు లెక్క. పెద్ద పేలుడు వంటి దృశ్యంలో కార్డు క్షణకాలం ఇంకా ఎక్కువ లాగుతుంది. పైన పెద్దగా అచ్చువేసిన 450 అన్ని తీగల లెక్కలూ కలిపి వేసిన సంఖ్య. అవసరమైన తీగ మీద అంత శక్తి లేదు.

మరి గత దసరాకు కార్డు వేయించినప్పుడు కొన్ని నెలలు ఎలా నడిచింది? ఈ పెట్టెలో విద్యుత్తును నిలవ ఉంచే కెపాసిటర్లు ఉంటాయి. వాటిలోని ద్రవం వేడికి క్రమంగా ఎండుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందని ఒక స్థూలమైన లెక్క. దుమ్ము, ఎండాకాలం రెండూ కలిసి ఆ ఆయుష్షును తినేశాయి. మొదటినుంచీ బొటాబొటిగా ఉన్న శక్తి చివరికి చాలకుండా పోయింది.

మర్నాడు బావ, తెలిసినవారి కంప్యూటర్ నుంచి మరో పెట్టె అడిగి తెచ్చారు. దాని మీద కూడా 450 అనే ఉంది. కానీ 12 వోల్టుల గడిలో 36 ఆంపియర్లు. అంటే 432 వాట్లు! బిగించి, 60 బొమ్మలతోనే ఆ సాయంత్రమంతా ఆడించాం. ఒక్కసారి కూడా ఆగలేదు. పాడైందనుకున్న కార్డు నిక్షేపంగా ఉంది. కొత్త పెట్టెకు అయ్యే ఖర్చు కొత్త కార్డు ఖర్చులో కొద్ది భాగమే. కంప్యూటర్‌ను అమ్మే మాట ఆ రాత్రితో సరి.

"నేను పాడు చెయ్యలే కదా నాయినా?" అని మావాడు అడిగాడు. బావ నవ్వి ఊరుకున్నారు.

మీరు చేసేటప్పుడు జాగ్రత్త

కంప్యూటర్ డబ్బాను పెద్దల సమక్షంలోనే విప్పండి. ముందుగా ప్లగ్గు తీసేయండి. భాగాలను ముట్టుకునే ముందు డబ్బా లోహపు భాగాన్ని తాకితే, ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని మార్చడమే గాని, విప్పి బాగు చేయడం మన పని కాదు.

మీ ఇంట్లో కంప్యూటర్ ఉంటే, దాని సరఫరా పెట్టె మీది చీటీలో 12 వోల్టుల గడి ఎంత చూపుతున్నదో చూడండి. 12తో గుణించి, వచ్చిన వాట్లను నోటుపుస్తకంలో రాసుకోండి. ఏదో ఒకరోజు ఆ సంఖ్య మీకు అక్కరకు రావచ్చు.