ప్రేవుల నడకయు, పొరుగింటి మాత్రయు

మాడుగులపల్లి ప్రాంతమున నాట్ల దినములలో వేకువనే పొలమునకు బోవు స్త్రీ యొకతె, దారిలో మరుగు దొరకదేమోయను భయముచే పస్తుండుట మీరెరుగనిది కాదు. ఆమె బాధ జూడలేక వదినెగారు తాను వాడు మాత్ర నొకటి యిచ్చును. చిక్కంతయు నచ్చటనే యున్నది.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అను నీ వ్యాధియందు ప్రేవులలో పుండు గాని గడ్డ గాని కానరాదు. ఆహారమును ముందునకు నెట్టు ప్రేవుల నడక తప్పును. అచ్చటి నరములు చిన్న కదలికకే నొప్పిని తెలుపును. నడక వేగమైనవారికి విరేచనములు, మందగించినవారికి మలబద్ధము. కొందరికి రెండును మార్చి మార్చి వచ్చును. కాబట్టి వదినెకు మేలు చేసిన మందే మరదలికి కీడు చేయవచ్చును. లోపెరమైడ్ నడకను మందగింపజేయును. మలబద్ధము గలవారు దాని జోలికి బోరాదు. మోతాదు మీరినచో నది గుండె లయనే చెరుచును. మెబెవరిన్, డైసైక్లోమిన్ బిగిసిన కండరమును సడలించి నొప్పి తగ్గించును గాని, డైసైక్లోమిన్ వలన నోరెండును, మలబద్ధమును హెచ్చవచ్చును. ఇసబ్‌గోల్ పొట్టు కొంచెముతో నారంభించి, నీరు సమృద్ధిగా త్రాగవలెను.

మన శరీరములోని సెరటోనిన్ అధికభాగము ప్రేవులయందే యున్నది. నడకకు సంకేతమిచ్చు వానిలో నదియొకటి. దాని నాధారముగా జేసికొని టెగసెరాడ్ అను మందును గనిపెట్టిరి. 2002లో అమెరికాలో మలబద్ధము గల స్త్రీలకే దాని ననుమతించిరి. గుండెపోటు, పక్షవాతముల శంకచే 2007లో నచ్చట అమ్మకము నిలిపిరి. మన దేశమున 2011లో నిషేధించిరి. ప్రేవులను త్వరపెట్టు సిసాప్రైడ్‌కును, గుండె లయను చెరుచుటచే, ఇచ్చట నదే యేట నదే గతి పట్టెను. స్త్రీలకని వేరుగా జేసినంతమాత్రమున మందు స్త్రీలకు క్షేమకరమని నమ్మరాదు కదా!

మలములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, నిద్రనుండి లేపు విరేచనము, ఏబదియేండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైన బాధ—వీనిలో నేదియున్నను మాత్రలతో కాలము గడుపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

వైద్యునియొద్ద “కడుపునొప్పి” యని మాత్రమే చెప్పి యూరకుందుము. రోజున కెన్నిమార్లు పోవుచున్నదో, గట్టిగానో నీళ్లవలెనో, పిదప నొప్పి తగ్గుచున్నదో లేదో చెప్పనిచో ఏ మందియ్యవలెనో ఆయన కెట్లు తెలియును? నోట చెప్పుటకు సిగ్గైనచో రెండు వారముల లెక్క కాగితముపై వ్రాసి చేతికీయవచ్చును.