కంఠంలో నిలిచిన హాలాహలం

గాయంపై హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం పోయగానే తెల్లని నురుగు పొంగుతుంది. క్రిములు నశించడం వల్లనే ఆ నురుగు వస్తున్నదని చాలామంది నమ్మకం. నిజానికి దానిని ప్రధానంగా పుట్టించేది గాయపడిన మనిషి రక్తమే. రక్తంలోనూ, కణజాలంలోనూ ఉండే 'కెటలేజ్' అనే ఎంజైము పెరాక్సైడును క్షణమాత్రంలో నీరుగా, ప్రాణవాయువుగా విడగొడుతుంది. ఆ వాయువే బుడగలై పైకి లేస్తుంది.

ఈ పదార్థాన్ని 1818లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ థెనార్ కనుగొన్నాడు. నీటి అణువులో ఒకే ఆక్సిజన్ పరమాణువు ఉండగా, ఇందులో రెండు ఉంటాయి. అదనంగా చేరిన ఆ ఒక్క పరమాణువే దీనికి తీక్ష్ణతను కలిగించింది. మందుల దుకాణంలో సీసాలలో దొరికే ఈ ద్రవ్యం మానవ శరీరంలోని కణాలలో సైతం నిరంతరం పుడుతూ ఉంటుంది. ఆహారం నుండి శక్తిని వెలువరించే మైటోకాండ్రియాలలో ప్రాణవాయువులోని స్వల్పభాగం దారితప్పి, చివరకు పెరాక్సైడుగా మారుతుంది. అది పేరుకొంటే కొవ్వులను, ప్రోటీన్లను, డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. కనుకనే ప్రకృతి కణానికి కెటలేజ్ వంటి ఎంజైములను కావలి ఉంచింది.

ఆ కావలి లేని శరీరం ఎలా ఉంటుందో లోకానికి తెలిపినవాడు జపాన్‌కు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు షిగెయో తకహరా. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాలలో ఆయన ఒక బాలిక నోటిలోని కుళ్ళిన పుండుకు శస్త్రచికిత్స చేసి, దానిపై పెరాక్సైడ్ పోశాడు. నురుగు రాలేదు, రక్తం నల్లబడింది! మరొకరైతే మందు పాతబడిందని సీసాను పారవేసి ఊరుకొనేవారేమో! తకహరా కారణం వెదికాడు. ఆ బాలిక రక్తంలో కెటలేజ్ లేదని తేలింది. నోటిలోని కొన్ని బాక్టీరియాలు పెరాక్సైడును తయారుచేస్తాయి. దానిని విడగొట్టే ఎంజైము లేకపోవడంతో అది హిమోగ్లోబిన్‌ను చెరిచి, చిగుళ్ళకు ప్రాణవాయువు అందకుండా చేసిందని ఆయన వివరించాడు. విచిత్రమేమంటే, ఈ లోపం గలవారిలో చాలామంది ఆరోగ్యంగానే జీవిస్తారు. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వంటి ఇతర ఎంజైములు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి.

అలాగని పెరాక్సైడును కేవలం శత్రువుగా భావించరాదు. తెల్లరక్తకణాలు క్రిములను మింగిన వెంటనే బుద్ధిపూర్వకంగా అన్నట్లు దీనిని తయారుచేసి, దాని సాయంతో బ్లీచింగు ద్రవాన్ని పోలిన మరింత ఘాటైన ఆమ్లాన్ని సృష్టించి, వాటిని హతమారుస్తాయి. జన్యులోపం వల్ల ఈ ఆయుధం కొరవడిన పసివారికి 'క్రానిక్ గ్రాన్యులోమాటస్ వ్యాధి' సంక్రమిస్తుంది. సామాన్యమైన బాక్టీరియాలు, బూజులు సైతం వారి ప్రాణాలమీదికి తెస్తాయి. 1950లలో ఈ వ్యాధిని గుర్తించిననాడు వైద్యులు దానిని ప్రాణాంతకమనే పేర్కొన్నారు. నేడు ముందుజాగ్రత్తగా వాడే మందులు, ఎముకమజ్జ మార్పిడి ఎందరినో కాపాడుతున్నాయి.

క్షీరసాగర మథనంలో పుట్టిన హాలాహలాన్ని శివుడు కంఠంలో నిలుపుకొన్నాడని పురాణగాథ. మనిషి కంఠంలోని థైరాయిడ్ గ్రంథి కూడా పెరాక్సైడును తానే తయారుచేసుకొని, దానితోనే అయోడిన్‌ను హార్మోనులో ఇముడ్చుకొంటుంది. అది లేనిదే ఆ హార్మోను లేదు. పోలిక కవిత్వానిదే కాని, వాస్తవం శాస్త్రానిది.

ఈ సూక్ష్మమైన ఏర్పాటును గుర్తించక సీసాలోని మందును ఇష్టానుసారం వాడటం వల్లనే అనర్థాలు సంభవిస్తున్నాయి. 3 శాతం ద్రావణం క్రిములతోపాటు గాయాన్ని మాన్పే కొత్త కణాలను కూడా దెబ్బతీస్తుంది. అందువల్ల మామూలు గాయాలను శుభ్రమైన నీటితో కడిగితే చాలునని వైద్యులు చెబుతున్నారు. అంతకంటె దారుణమైనది, 35 శాతం ద్రావణాన్ని నీటిలో కలిపి తాగితే క్యాన్సర్ వంటి వ్యాధులు నయమవుతాయన్న ప్రచారం. దీనిని తాగవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2006లోనే ప్రజలను హెచ్చరించింది. ఈ గాఢద్రావణం ఒక్క మిల్లీలీటరు నుండి 100 మిల్లీలీటర్లకు మించి ప్రాణవాయువు వెలువడుతుంది. నోరు, అన్నవాహిక కాలిపోవడమే గాక, ఆ బుడగలు రక్తనాళాలలో చేరి మెదడుకు రక్తప్రసారాన్ని అడ్డుకొన్న సంఘటనలు వైద్యపత్రికలలో నమోదై ఉన్నాయి.