కొలువు, కాపురము, కెమెరా

ఉదయము పది గంటలకు కచేరి. సాయంత్రము ఇల్లు చేరుసరికి పిల్లల పాఠములు, అంగడి పనులు, వచ్చిపోవు చుట్టములు. వీటి నడుమ ఫోటోలు తీయుటకు వేళ ఎక్కడిదని మిత్రులు మమ్ము తరచుగా అడుగుచుందురు. మేము రేడియో ఉద్యోగులము. పగలంతయు శబ్దముతో పని. కంటికి అందులో చోటు తక్కువ. అందుచేతనే కాబోలు, మొదటి జీతము చేతికందిన 2004లో ఒక ఫిలిము కెమెరా కొన్నాము. నాటినుండి నేటివరకు వరంగల్లు పరిసరములలో తిరుగుచునే ఉన్నాము. మిత్రుల ప్రశ్నకు మా అనుభవమునుండి, ఈ కళ చరిత్రనుండి తోచిన సమాధానము చెప్పెదము.

ఒకప్పుడు ఉద్యోగికి ఈ సరదా నిజముగనే సాధ్యము కాకపోయినది. 1851 తరువాత ముప్పది ఏండ్లవరకు వాడుకలో ఉన్నది తడి పలకల పద్ధతి. గాజు పలకమీద కొలోడియన్ అను జిగురు ద్రవమును పూసి, వెండి లవణపు ద్రావణములో ముంచి, అది తడిగా ఉండగనే కెమెరాలో నిలిపి చిత్రము తీయవలెను. తడి ఆరకమునుపే చీకటి గుడారములో కడుగవలెను. ఈ తతంగమంతయు పదిహేను నిమిషములలో ముగియవలెను. అనగా చిత్రకారుడు వెళ్లిన చోటికెల్ల గాజు పలకలు, సీసాలు, గుడారము, నీళ్లు వెంట వెళ్లవలెను. కచేరికి పోవువానికి ఇది అయ్యెడి పని కాదు.

1870ల చివర ఎండు పలక వచ్చినది. పగలు తీసిన చిత్రమును రాత్రి కడుగవచ్చును. ఆదివారము తీసినదానిని బుధవారము కడుగవచ్చును. పనిని వాయిదా వేయుటకు వీలు కలిగిననాడే ఛాయాచిత్రకళ సంసారుల చేతికి వచ్చినదని మా అభిప్రాయము. ఈ మార్పునకు తోడ్పడినవారిలో ఒకరు స్వయముగ గుమాస్తాయే. అమెరికాలోని రోచెస్టరు నగరమున జార్జి ఈస్ట్‌మన్ బ్యాంకులో పనిచేయుచు తడి పలకల సామగ్రి కొని, దాని బరువునకు విసిగి, రాత్రులు తన తల్లి వంటయింటిలో ఎండు పలకలు తయారుచేయ పూనుకొన్నాడు. 1880లో పలకల వ్యాపారము ఆరంభించియు మరుసటి ఏడువరకు బ్యాంకు కొలువు వదలలేదు. 1888లో అతడు విడుదల చేసిన కొడక్ కెమెరాలో నూరు చిత్రములకు చాలిన ఫిలిము చుట్ట ఉండెడిది. అది ముగియగనే కెమెరాను కంపెనీకి పంపినచో వారే కడిగి, అచ్చువేసి, కొత్త చుట్ట ఎక్కించి పంపెడివారు. ఈ కథ చదివినప్పుడెల్ల ఈస్ట్‌మన్ తెలివికన్న ముందుగా ఆ వంటయింటి ఇల్లాలి ఓర్పు మాకు గుర్తుకువచ్చును.

ఇక మన హైదరాబాదు సంస్థానమున పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ కూడ మొదట ఉద్యోగియే. ఆయన 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ పనుల శాఖలో చేరినారు. 1874 ప్రాంతమున, ముప్పదవ ఏట, కెమెరా పట్టినారు. సుమారు పదేండ్లు కొలువును, కెమెరాను జోడుగా నడిపినారు. 1885లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగ నియమించినారు. తుదకు ఆయన ఉద్యోగము విడిచి ఇదే వృత్తిగ స్వీకరించినారు. కుమారులను సైతము అందులోనికే దించినారు. ఆయనవలె చేయగలిగినవారు వేయింట ఒకరుందురేమో. మిగిలినవారి సంగతి మనకు కావలెను.

మిగిలినవారికి ప్రకృతియే ఒక సదుపాయము చేసిపెట్టినది. వరంగల్లు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు పదునెనిమిది డిగ్రీల దూరమున ఉన్నది. మే రెండవ వారములోను, తిరిగి జూలై చివరను, మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తిమీదికి వచ్చును. నీడ కాలికిందనే ఉండును. అట్టి వెలుతురులో ఖిలా వరంగల్లు కీర్తితోరణములమీది శిల్పము చదునుగ, చెక్కుడే లేనట్లుగ కనబడును. శిల్పము కనబడవలెనన్న నీడ పడవలెను. నీడ పడవలెనన్న ఎండ పక్కనుండి రావలెను. సూర్యోదయమైన గంటన్నరలోను, అస్తమయమునకు ముందు గంటలోను ఆ హంసల మెడలు, ఆ లతల మలుపులు రాతినుండి లేచివచ్చును. చూడుడు, ఉద్యోగము మననుండి తీసుకొనిపోవునవి ఛాయాచిత్రమునకు పనికిరాని గంటలే! జనవరిలో ఇచట సూర్యుడు ఆరు గంటల నలువది నిమిషముల తరువాత ఉదయించి ఆరుకు ముందే అస్తమించును గనుక సాయంత్రపు ఆశ వదలుకొనవలెను. మే నెలలో తెల్లవారి ఐదున్నర దాటగనే వెలుగు వచ్చును. సాయంత్రము ఆరున్నరవరకు ఉండును. కచేరినుండి వచ్చి టీ త్రాగి భద్రకాళి చెరువు గట్టుకు పోవుటకు చాలినంత వేళ.

పాలంపేట రామప్ప గుడి మాత్రము ఇట్లు చిక్కదు. దానికి ఒక పూర్తి సెలవు దినము కావలెను. అచట ఇంకొక చిక్కు కలదు. గుడి గోడలు ఎర్రని ఇసుకరాయి. చూరు కింద నిలిచిన నాట్యకత్తెలు నల్లరాయి. కెమెరా గోడ వెలుతురును లెక్కించినచో బొమ్మలు మసిముద్దలగును. సెల్‌ఫోనుతో తీయువారు తెరమీద నల్లని బొమ్మనే వ్రేలితో తాకి అప్పుడు మీట నొక్కవలెను. గోడ కొంత తెలుపెక్కినను బొమ్మ ముఖము దక్కును.

పనిముట్టు గురించి ఇంతకన్న చెప్పము. 1960, 70 దశకములలో మన మధ్యతరగతి ఇండ్లలో పన్నెండు చిత్రములు తీయు ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా గొప్ప వస్తువు. దానితో తీసిన పెండ్లి ఫోటోలు నేటికిని గోడలమీద ఉన్నవి. కెమెరా వెల పెరిగినకొలది ఇంటివారి సహనము పెరుగదని మాత్రము హెచ్చరింపవలసియున్నది.

అసలు కష్టము ఇక్కడనే ఉన్నది. వెలుతురు మంచిదైన ఆదివారపు ఉదయమే ఇంటికి మనము దక్కు ఉదయము కూడ. మేము కొన్ని ఏండ్లు ఈ సంగతి గ్రహింపలేదు. ఇంటిని వెంట తీసుకొనిపోయినను మేము కోరినది శూన్యమైన గుడి, మనిషి అడ్డులేని స్తంభము. "కొంచెము పక్కకు జరుగుడు" అనుటయే మాకు అలవాటైపోయినది. ఇంటివారిని తీసిన చిత్రములో, సరిగ రాలేదు. మా చెల్లెలి పెండ్లిలో ముప్పదియారు చిత్రములు ముగించి, సంబరములో ఫిలిమును వెనుకకు చుట్టుట మరచి కెమెరా మూత తీసినాము. వెంటనే మూసినాము గాని, చివర తీసినవి చుట్టకు పైపొరలో ఉండుటచే అవి వెలుతురునకు మాడిపోయినవి. మొదట తీసినవి లోపొరలో ఉండి దక్కినవి. పందిరి, గాడిపొయ్యి, వంటవారు మిగిలినారు. తలంబ్రాలు పోయినవి. ఇరువది ఏండ్లైనను మా చెల్లెలు దీనిని మరువలేదు, మమ్ము మరువనీయలేదు.

ఇంకొక చిత్రము సంగతి వేరు. 2005లో ఒక ఉదయము మా అమ్మను వెంటబెట్టుకొని హనుమకొండ వేయిస్తంభాల గుడికి పోయినాము. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయమునకు ఎదుట, నంది కావల, కల్యాణమండపము ఉన్నది. అమ్మ అలసి ఆ మెట్టుమీద కూర్చున్నది. మేము యథాప్రకారము లేవమన్నాము. "లేస్త గద బిడ్డా, జర మోకాలు పట్టుకున్నది" అన్నది. ఈలోగా మీట నొక్కుకొనిపోయినది. ఆ చిత్రము చెడిపోయినదని ఎంచి కవరులో పడవేసినాము. మరుసటి ఏడు పునాదులు కుంగిన ఆ మండపమును పునర్నిర్మాణమునకై విప్పినారు. ఆ రాళ్లు ఏండ్ల తరబడి నేలమీద ఉన్నవి. మండపము నిలిచియుండగా మేము తీసినవాటిలో అన్నిటికన్న తేటగా వచ్చినది, వెదకి చూడగా, అమ్మ కూర్చున్న ఆ చిత్రమే. స్తంభముల ఎత్తు ఎంతో ఆమె పక్కన ఉండుటచేతనే తెలియుచున్నది.

నాటినుండి మేము పద్ధతి మార్చుకొన్నాము. నెలకు ఒక ఆదివారము మాత్రమే మాది, తక్కినవి ఇంటివి. ఆ ఒక్కదానికి ఎవరు వెంటవచ్చినను సరే, జరుగుమని అనము. తీసినవాటిని ఆ రాత్రియే ఇంటిల్లిపాది కూర్చుండి ఏరుదుము. ఫోనులో ఊరక పోగుపడిన వేయి చిత్రములకన్న ఏరి అచ్చువేయించిన పది మేలు. వేయింటిని తిరిగి చూచుటకు ఏ ఉద్యోగికి తీరికయున్నది? బతుకమ్మ ఆటకో, మేడారము జాతరకో పోయినప్పుడు ఎదుటివారి ఇంటి ఆడవారిని అడుగక తీయము. ఓరుగల్లులో పుట్టి 2022లో కన్నుమూసిన భరత్‌భూషణ్ గారి బతుకమ్మ చిత్రములు చూచినచో, కెమెరాకు ఎదుట ఉన్నవారు బెదరక ఉండుట ఎంత ముఖ్యమో తెలియును.

2024 మార్చిలో కల్యాణమండపము మరల తెరువబడినది. అమ్మను తీసుకొనిపోయినాము. పాత చిత్రము చేతబట్టుకొని ఆ మెట్టు ఏదియో పోల్చుకొన చూచినాము. అమ్మ ఒకటి చూపినది, మా అమ్మాయి మరియొకటి చూపినది. ఎండ ఎక్కుచున్నది. అమ్మ దగ్గరగా ఉన్నదానిమీదనే కూర్చున్నది. నల్లరాతి ముందు లేతరంగు చీర. చీరకు వెలుతురు సరిచూచినచో రాతి నగిషీ చీకటిలో కలియును. రాతికి సరిచూచినచో చీర వెలిసిపోవును. ఈసారి రాతినే వదలుకొన్నాము.